నడిచేంత దూరం అంటే ఎంత? మ్యాపు మీది వృత్తానికీ గుంటూరు కాలినడకకీ మధ్య తేడా

రైలు పట్టాల మీదున్న శంకర్ విలాస్ వంతెన మూసినప్పటి నుంచి గుంటూరులో రోజూ వినబడుతున్న మాట "చుట్టూ తిరిగి". ఆసుపత్రికి చుట్టూ తిరిగి వెళ్ళాలి, కాలేజీకి చుట్టూ తిరిగి వెళ్ళాలి. పట్టాలకు ఇటువైపు అరండల్‌పేట, బ్రాడీపేట ఉన్నాయి. అటువైపు ఏసీ కాలేజీ, పెద్దాసుపత్రి, పాత గుంటూరు ఉన్నాయి. పాత వంతెనను తీసేసి కొత్తది కట్టే పని 2025లో మొదలైంది. మ్యాపు మీద స్కేలు పెట్టి బ్రాడీపేట నుంచి పెద్దాసుపత్రికి కొలిచి చూడండి. వంతెన ఉన్నప్పుడు ఎంతో, లేనప్పుడూ అంతే. నడిచే మనిషికి మాత్రం లెక్క మొత్తం మారిపోయింది.

ఇదే చిక్కు వేరే వార్తల్లోనూ కనిపిస్తుంది. విజయవాడ మెట్రో స్టేషన్ల చుట్టూ "ప్రభావ ప్రాంతం" అంటారు. బడి "కిలోమీటరు లోపు" ఉండాలంటారు. ఫ్లాట్ల బ్రోచర్లలో "బస్టాండుకు 5 నిమిషాల నడక" అని వేస్తారు. అన్నిటి వెనకా ఉన్నది ఒకటే ప్రశ్న. మనిషి నడిచి వెళ్ళేంత దూరం ఎంత, దాన్ని ఎక్కడి నుంచి ఎలా కొలవాలి?

స్కేలు కొలిచేది, కాళ్ళు కొలిచేది

మనకు కూతవేటు దూరం అనే మంచి మాట ఉంది. గట్టిగా పిలిస్తే వినిపించేంత దూరం. పిలుపుకు కాలవ అడ్డం రాదు, రైలు కట్ట అడ్డం రాదు. కాళ్ళకు వస్తాయి. రెండు చోట్ల మధ్య గీత గీస్తే వచ్చేది నేరు దూరం. ఉన్న దారుల వెంట వెళ్తే వచ్చేది నడక దూరం. ఒక చోటు నుంచి అయిదు నిమిషాల్లోనో పది నిమిషాల్లోనో నడిచి చేరగలిగిన స్థలాన్నంతా మ్యాపు మీద రంగు వేసి చూపిస్తే అది నడక పరిధి. బడికైనా, బస్టాపుకైనా, రేషన్ షాపుకైనా ఇలాంటి పరిధి ఒకటి ఉంటుంది.

నడక దూరాన్ని నేరు దూరంతో భాగిస్తే చుట్టు ఎంతో తెలుస్తుంది. జవాబు 1 వస్తే దారి తిన్నగా ఉన్నట్టు. 2 వస్తే స్కేలు చూపించిన దానికి రెట్టింపు నడవాలి. ఈ వ్యాసంలో చాలా లెక్కలు ఈ ఒక్క భాగహారం మీదే నడుస్తాయి.

400 మీటర్ల అంకె ఎక్కడిది?

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు చదునైన దారిలో నిమిషానికి సుమారు 80 మీటర్లు నడుస్తారు. గంటకు 4.8 కిలోమీటర్లు. అంటే అయిదు నిమిషాల్లో 400 మీటర్లు, పది నిమిషాల్లో 800. బస్టాపుకు 400, రైలు లేదా మెట్రో స్టేషనుకు 800 అని ప్రపంచమంతా వాడే కొండగుర్తు ఇక్కడి నుంచే వచ్చింది. మైళ్ళలో చెప్పుకునే దేశాల్లో ఇవి పావు మైలు, అర మైలు.

పావు మైలుకు పేరు తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు అమెరికా ప్రణాళికావేత్త క్లారెన్స్ పెర్రీ. ఆయన 1929లో ఒక నివాస ప్రాంతం ఎలా ఉండాలో నమూనా ఇచ్చాడు. సుమారు 160 ఎకరాలు, మధ్యలో ప్రాథమిక పాఠశాల, ఏ ఇంటి నుంచైనా బడికి దాదాపు పావు మైలు. పెద్ద రోడ్లు ప్రాంతం అంచున ఉండాలి, లోపలి నుంచి పోకూడదు. బడికి వెళ్ళే పిల్ల పెద్ద రోడ్డు దాటకూడదన్నది ఆయన పట్టుదల. 1990ల్లో పీటర్ కాల్‌థార్ప్ స్టేషన్ చుట్టూ ఊరు కట్టే పద్ధతిని ప్రచారం చేస్తూ 2,000 అడుగుల నడకను ప్రమాణంగా పెట్టుకున్నాడు. అంటే 600 మీటర్ల చిల్లర. మన దేశంలో 2017 నాటి జాతీయ టీఓడీ విధానం స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్లను ప్రభావ ప్రాంతంగా చెబుతుంది. టీఓడీ అంటే స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఇళ్ళు, ఆఫీసులు, అంగళ్ళు దట్టంగా ఉండేలా ఊరిని పెంచడం.

ఒక్కొక్కరు ఒక్కో అంకె ఎందుకు చెబుతున్నారంటే, ప్రకృతి గీసిపెట్టిన గీత ఏదీ ఇక్కడ లేదు కాబట్టి. 400 మీటర్ల దగ్గర నడిచినవాళ్ళు 410 దగ్గర వెనక్కి తిరిగిపోరు. దూరం పెరిగేకొద్దీ నడిచేవాళ్ళు పలచబడతారు, అంతే. అవతల దొరికేది ఏమిటన్న దాన్ని బట్టి కూడా ఓపిక మారుతుంది. అయిదు నిమిషాలకొక రైలు ఉంటే పది నిమిషాలు నడుస్తాం. గంటకొక బస్సు కోసం అంత నడవబుద్ధి కాదు. అంకె పెట్టుకోవడం లెక్క కోసం, గీత ఎక్కడో ఒకచోట గీయాలి కాబట్టి.

పెర్రీ నమూనా మన ఊళ్ళకు ఎందుకు అతకదో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆయన దృష్టిలో పెద్ద రోడ్డు హద్దు. మనకు పెద్ద రోడ్డే బజారు. విజయవాడ ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు చూడండి. బట్టల కొట్టు, ఆసుపత్రి, హోటలు, బస్టాపు అన్నీ దాని మీదే. హద్దూ అదే, గమ్యమూ అదే. ఆయన పిల్లను ఏ రోడ్డుకు దూరంగా ఉంచాలనుకున్నాడో ఆ రోడ్డు మీదికే మన జనం రోజుకు నాలుగుసార్లు రావాలి, దాటాలి.

బ్రాడీపేట లైన్లలో వృత్తం ఏమవుతుంది

బ్రాడీపేటలో అడ్రసు 4/14 అని రాస్తే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. లైన్లు ఒకవైపు, అడ్డరోడ్లు ఒకవైపు, గళ్ళ నోటుబుక్కు పేజీలా ఉంటుంది. నడవడానికి ఇంతకంటే మంచి అమరిక దొరకడం కష్టం. ఇక్కడ కూడా వృత్తం వృత్తంలా మిగలదు. ఎందుకో చూద్దాం.

ఒక కూడలిలో బస్టాపు ఉందనుకుందాం. అక్కడి నుంచి 400 మీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే సుమారు 124 ఎకరాలు వస్తాయి. ఇప్పుడు దారుల వెంట నడుద్దాం. లైను వెంట తిన్నగా వెళ్తే 400 మీటర్లూ కలిసొస్తాయి. మూలగా ఉన్న ఇంటికైతే కొంత లైను వెంట, కొంత అడ్డరోడ్డు వెంట వెళ్ళాలి. 300 మీటర్లు ఇటు, 400 మీటర్లు అటు ఉన్న ఇంటిని తీసుకోండి. నేరు దూరం 500, నడిచేది 700. చుట్టు 1.4. ఇలా అన్ని దిక్కులకూ లెక్క కట్టి, 400 మీటర్ల నడకలో అందే బిందువులను కలిపితే వచ్చే ఆకారం గుండ్రంగా ఉండదు. గాలిపటంలా, నాలుగు మూలలున్న వజ్రంలా వస్తుంది. దాని వైశాల్యం 79 ఎకరాలు. వృత్తంలో 64 శాతం.

అంటే గళ్ళ వీధుల్లో, ఏ అడ్డూ లేని చోట కూడా మూడో వంతుకు పైగా పోయింది. సాధారణంగా 60 శాతం పైన ఉంటే ఆ ప్రాంతం నడకకు బాగా అనువైనదని ప్రణాళికావేత్తలు లెక్కిస్తారు. ఆ లెక్కన ఇలాంటి వీధులకు మంచి మార్కులే పడతాయి.

ఇంకో రకం ప్రాంతం ఊహించండి. ఒక వెంచరు పక్కన ఇంకో వెంచరు, మధ్యలో ప్రహరీ. దేని రోడ్లు దానివే, లోపల రెండు మూడు తిరిగి ఆగిపోతాయి. బయటికి దారి ఒక్క గేటే. ఇక్కడ గోడ అవతల పెరట్లో ఆరేసిన బట్టలు కనిపిస్తాయి గానీ ఆ ఇంటికి వెళ్ళాలంటే మెయిన్ రోడ్డు దాకా వచ్చి తిరగాలి. ఇలాంటి చోట పరిధి 30 శాతానికి పడిపోవడం వింత కాదు. అంటే 37 ఎకరాలు.

ఎకరాలను మనుషుల్లోకి మార్చి చూస్తే దీని బరువు తెలుస్తుంది. 2011 జనగణన నాటికి విజయవాడ నగరం 61.88 చదరపు కిలోమీటర్లు, జనం పది లక్షల పైచిలుకు. ఎకరాకు సుమారు 65 మంది. ఆ జనసాంద్రతతో 124 ఎకరాల వృత్తంలో 8,000 మంది ఉంటారు. వీళ్ళందరికీ బస్టాపు నడిచేంత దూరంలో ఉందని నివేదికలో రాస్తారు. గళ్ళ వీధులైతే నిజంగా అందేది 5,100 మందికి. గోడల వెంచర్లలో 2,400 మందికి. బస్టాపు అదే, వృత్తం అదే. మిగతా 5,600 మంది కాగితం మీద మాత్రమే దగ్గరగా ఉన్నారు. ఆ మధ్య గోడలో ఒక చోట మనిషి పట్టేంత సందు వదిలితే ఈ లెక్క ఎంత మారుతుందో ఊహించుకోండి. కొత్త బస్టాపు కంటే అది చవక.

కాలవ అటువైపు ఉన్న బస్టాపు

విజయవాడను దేవుడే ఈ పాఠం చెప్పడానికి తయారుచేశాడా అనిపిస్తుంది నాకు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ నగరం మధ్య నుంచి పోతాయి. రైలు పట్టాలు కోసుకుని పోతాయి. జాతీయ రహదారి ఉంది. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు కొండలు. వీటిలో ప్రతి ఒక్కటీ వృత్తాన్ని నరికే కత్తే.

ఒక ఉదాహరణ. ఇల్లు కాలవకు 100 మీటర్ల దూరంలో ఉంది. అటు గట్టు నుంచి 100 మీటర్లలో బస్టాపు. కాలవ వెడల్పు 40 మీటర్లు అనుకుందాం. నేరు దూరం 240 మీటర్లు. మూడు నిమిషాల పని. వంతెన 300 మీటర్ల అవతల ఉంటే? కాలవ దాకా 100, గట్టు వెంట 300, వంతెన 40, మళ్ళీ వెనక్కి 300, ఆపైన 100. మొత్తం 840 మీటర్లు, పది నిమిషాలు దాటింది. చుట్టు మూడున్నర. ఇంటి ముందు నిలబడితే బస్సు వచ్చి వెళ్ళడం కనిపిస్తుంది, అందుకోలేం. కాలవ మీద చిన్న కాలినడక వంతెన ఒకటి పడితే ఆ వీధికి వీధే బస్టాపుకు దగ్గరవుతుంది.

మెట్రో ప్రతిపాదనలో విజయవాడ రెండు మార్గాలూ పండిట్ నెహ్రూ బస్టాండు దగ్గర మొదలవుతాయి. ఒకటి గన్నవరం వైపు, ఒకటి పెనమలూరు వైపు. బస్టాండును మధ్యలో పెట్టి 800 మీటర్ల వృత్తం గీస్తే 497 ఎకరాలు వస్తాయి. అందులో కొంత భాగం కృష్ణలో పడుతుంది. నదిలో ఇళ్ళు ఉండవు కాబట్టి అది ఎవరైనా తీసేస్తారు. కాలవకు, పట్టాలకు అవతల పడ్డ ఇళ్ళ సంగతి అలా కళ్ళకు కనబడదు. వాటిని వీధి వీధీ నడిచి లెక్క తేల్చాలి.

కొండల సంగతి వేరు. వన్‌టౌన్ కొండల మీద, మొగల్రాజపురంలో, గుణదలలో మెట్లెక్కి వెళ్ళే ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. మ్యాపుకు ఎత్తు తెలియదు. కొండలెక్కేవాళ్ళు 1892 నుంచి వాడుతున్న ఒక సూత్రం ఉంది. నాయ్‌స్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన పెట్టింది. దాని ప్రకారం ప్రతి పది మీటర్ల ఎత్తుకూ ఒక నిమిషం అదనంగా కలపాలి. వంద మెట్లు, మెట్టుకు 15 సెంటీమీటర్లు అనుకుంటే 15 మీటర్ల ఎత్తు. ఒకటిన్నర నిమిషం, అంటే చదును మీద 120 మీటర్లు నడిచినట్టు. అది ఉత్త చేతులతో ఎక్కేవాళ్ళ లెక్క. గ్యాస్ బండ మోసేవాళ్ళకు, బియ్యం సంచీతో రేషన్ షాపు నుంచి వచ్చే అమ్మకు ఏ సూత్రమూ లేదు.

అయిదు నిమిషాలు అందరికీ ఒకటి కావు

నిమిషానికి 80 మీటర్లు అనే లెక్కలో ఒక మనిషి దాగి ఉన్నాడు. మోకాళ్ళ నొప్పి లేనివాడు, చంకలో బిడ్డ లేనివాడు. డెబ్బై ఏళ్ళ పెద్దావిడ నిమిషానికి 48 మీటర్లు నడుస్తుందనుకుందాం. అయిదు నిమిషాల్లో 240 మీటర్లు. దూరం 60 శాతానికి తగ్గింది. పరిధి మాత్రం వైశాల్యం కాబట్టి 60 శాతంలో 60 శాతం, అంటే 36 శాతానికి పడిపోయింది. ఆమెకు అందే మందుల షాపులు, గుళ్ళు, చుట్టాల ఇళ్ళు దాదాపు మూడో వంతు మాత్రమే.

రోడ్డు దాటడానికి ఆగే సమయం కూడా దూరమే. సిగ్నల్ దగ్గర 90 సెకన్లు నిలబడితే 120 మీటర్లు నడిచినంత. సిగ్నలే లేని చోట వాహనాల మధ్య సందు దొరికేదాకా ఎంతసేపు నిలబడాలో ఎవరూ చెప్పలేరు. ఆ టెన్షన్ దేనికీ లెక్క కట్టరు. పెద్దవాళ్ళు చాలామంది ఒంటరిగా బయటికి రావడం మానేసేది దూరానికి కాదు, దాటడానికి భయపడి.

ఇక ఎండ. మే నెలలో గుంటూరు, విజయవాడల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. జనవరి సాయంత్రం హాయిగా నడిచే 800 మీటర్లు మే మధ్యాహ్నం ఎవరు నడుస్తారు? చెట్ల నీడ ఉన్న వీధిలో పరిధి ఒకటి, నీడ లేని వీధిలో ఇంకొకటి. చలి దేశాల్లో పుట్టిన అంకెలను మనం తెచ్చుకునేటప్పుడు ఎక్కువగా వదిలేసింది దీన్నే అని నా అభిప్రాయం.

ఫుట్‌పాత్ గురించి రాతలో కొరత లేదు. పాదచారుల సదుపాయాల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు నడవడానికి అడ్డు లేని కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడుగుతాయి. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. ఫుట్‌పాత్‌ల మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ళకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం రక్షణ ఇస్తుంది. రెండూ ఎదురెదురు అనుకునేవాళ్ళు ఉన్నారు. ఇడ్లీ బండి, పూల గంప ఉన్న వీధిలో రాత్రి తొమ్మిదింటికి వెలుతురూ మనుషులూ ఉంటారు కాబట్టి ఆడవాళ్ళు ధైర్యంగా నడుస్తారనే వాదనా ఉంది. నడక జాగాను ఆక్రమిస్తే వాళ్ళే రోడ్డు మీదికి దిగాల్సి వస్తుందన్నదీ నిజమే. బండికి ఒక వరస, నడకకు ఒక వరస పట్టేంత వెడల్పు ఉందా లేదా అన్నదే అసలు తగాదా.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సులో ఖర్చు పోయింది కాబట్టి ఇప్పుడు ప్రయాణంలో మిగిలిన ఖర్చు బస్టాపు దాకా. అక్కడికి ఆటో ఎక్కాల్సి వస్తే సగం మేలు ఆటోకే పోతుంది.

చట్టం ఏ దూరాన్ని కొలుస్తుంది?

ఇక్కడ చాలామంది తికమకపడతారు, న్యాయంగానే. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, కేంద్ర చట్టాల్లో దూరం అంటే, వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప, చదును మీద సరళరేఖలో కొలిచే దూరం. అంటే స్కేలు దూరమే మామూలు నియమం. పొగాకు నియంత్రణ చట్టంలో విద్యాసంస్థల చుట్టూ 100 గజాల వ్యాసార్థంలో సిగరెట్లు అమ్మకూడదు. అక్కడా వృత్తమే. పిల్లల కంట పడకుండా చూడటమే ఉద్దేశం కాబట్టి అది సబబే.

విద్యాహక్కు నిబంధనలు మాత్రం "నడక దూరం" అని విడిగా చెబుతాయి. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లు. ఆరేళ్ళ పిల్ల కాలవ మీదుగా ఎగిరి వెళ్ళదు కాబట్టి ఆ మాట అక్కడ ఉంది. 2022లో 117వ నంబరు జీవోతో 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్ళకు కలిపినప్పుడు తల్లిదండ్రులు గొడవ పడ్డది ఇందుకే. కిలోమీటరు ఒప్పుకున్నవాళ్ళు కూడా మధ్యలో హైవే ఉందనో, వాగు ఉందనో అభ్యంతరం చెప్పారు. తరగతికో టీచరు, సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్నది కలపాలన్నవాళ్ళ వాదన. ఆ వాదనకూ బలముంది. ఆ జీవో 2025లో రద్దయింది, ప్రశ్న రద్దు కాలేదు.

మన రాష్ట్ర ఎక్సైజ్ నిబంధనల్లో మద్యం షాపుకూ, బడికీ గుడికీ మధ్య ఉండాల్సిన 100 మీటర్లను మామూలుగా మనుషులు నడిచే దగ్గరి దారి వెంట, గేటు నుంచి గేటుకు కొలుస్తారు. దారి వెంట కొలిస్తే ఎలాంటి ఎత్తు వేయవచ్చో కేరళ చూపించింది. హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం వద్దని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2017లో ఉత్తర పరవూరులో ఒక బారు వాళ్ళు ముందు ఖాళీ జాగాలో మెలికలు తిరిగే దారి కట్టి నడక దూరాన్ని పెంచేశారు. బారు అంగుళం కదల్లేదు. కాబట్టి దారి దూరం అన్నివేళలా న్యాయం చేస్తుందనీ చెప్పలేం. దూరంగా ఉంచాల్సిన వాటికి వృత్తం గట్టిది, దగ్గర చేయాల్సిన వాటికి దారి దూరం నిజమైనది అని నాకు తోస్తుంది.

బస్టాపులు దగ్గర దగ్గరగా ఉండాలా?

నడక తగ్గాలంటే స్టాపులు పెంచితే సరిపోతుందని అనిపిస్తుంది. లెక్క వేద్దాం. 8 కిలోమీటర్ల సిటీ బస్సు రూటు. స్టాపులు 400 మీటర్లకొకటి అయితే ఇరవై, 800 మీటర్లకొకటి అయితే పది. ఒక్కో స్టాపుకు 30 సెకన్లు పోతాయనుకుంటే, స్టాపులు సగం చేస్తే రూటు మొత్తానికి అయిదు నిమిషాలు మిగులుతాయి.

నడిచేవాళ్ళ వైపు చూద్దాం. రోడ్డు వెంట దగ్గరి స్టాపుకు సగటు దూరం, రెండు స్టాపుల మధ్య దూరంలో నాలుగో వంతు. 400 అయితే 100 మీటర్లు, 800 అయితే 200. ఎక్కే చోట 100, దిగే చోట 100 కలిపి 200 మీటర్లు ఎక్కువ నడవాలి. రెండున్నర నిమిషాలు. రూటు చివరి దాకా వెళ్ళేవాళ్ళకు రెండున్నర నిమిషాల లాభం. సగం దూరం వెళ్ళేవాళ్ళకు మిగిలిందీ పోయిందీ సమానం. రెండు కిలోమీటర్లు వెళ్ళేవాళ్ళకు నష్టం. ఆ రెండు కిలోమీటర్ల వాళ్ళలో కూరగాయల సంచీ పట్టుకున్నవాళ్ళు, ముసలివాళ్ళు ఎక్కువ. సరైన జవాబు ఒక్కటే లేదు. ఎవరి నిమిషాలను కాపాడుతున్నామో తెలిసి నిర్ణయించడమే ఉంది.

వృత్తమే చాలనేవాళ్ళు, చాలదనేవాళ్ళు

వృత్తాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పేది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. స్టేషన్ చుట్టూ ఎక్కువ అంతస్తులకు అనుమతి ఇవ్వాలంటే ఏ సర్వే నంబరు లోపల, ఏది బయట అన్నది తేలాలి. వృత్తమైతే ఎవరు గీసినా ఒకేలా వస్తుంది, కోర్టులో నిలబడుతుంది. దారి దూరం ఒక గేటు మూసినా, ఒక సందు తెరిచినా మారిపోతుంది. పరవూరు సంగతి చూశాం కదా. పైగా ఈరోజు దారి లేదని ఒక వీధిని పరిధి నుంచి తీసేస్తే అక్కడ దారి వేయాలన్న ఆలోచన కూడా పోతుందని వాళ్ళ భయం.

దారి దూరం కావాలనేవాళ్ళు ఇదివరకటిలా చేత్తో కొలవాల్సిన పని లేదంటారు. వీధుల మ్యాపులు కంప్యూటర్లో ఉన్నాయి, పది నిమిషాల పరిధిని నిమిషంలో గీయవచ్చు. అది నిజమే గానీ, ఆ మ్యాపుల్లో మన గొందులు, మెట్ల దారులు, పట్టాల పక్క కాలిబాటలు తరచుగా ఉండవు. ఉన్న దారి లేదని చూపించినా తప్పే.

ఇంకో వాదన డబ్బుది. స్టేషన్‌కు నడిచేంత దూరంలో భూమి ధర పెరుగుతుంది, దానితో అద్దెలు పెరుగుతాయి. చివరికి అక్కడ కారున్నవాళ్ళు మిగులుతారు, రైలు అవసరమైన వాళ్ళేమో ఊరి చివరికి పోతారు అని. ఎక్కువ ఇళ్ళు కడితే అద్దెలు తగ్గుతాయని అవతలివాళ్ళు అంటారు. చిన్న ఇళ్ళకు, అద్దె ఇళ్ళకు వాటా కేటాయిస్తారా లేదా అన్న దాన్ని బట్టి రెండూ జరగవచ్చు.

మన ఊళ్ళకే ప్రత్యేకమైన మాట షేర్ ఆటో. గుంటూరు లాడ్జి సెంటర్లో, విజయవాడ బెంజి సర్కిల్లో ఆటోలు ఉండగా 800 మీటర్లు నడిచేదెవరని కొందరు అడుగుతారు. షేర్ ఆటో పరిధిని రెండు మూడు కిలోమీటర్లకు పెంచుతుంది, ఒప్పుకోవాల్సిందే. అది పది రూపాయలున్నవాళ్ళ పరిధి. మన నగరాల్లో చాలామంది నడిచేది ఇష్టపడి కాదు, వేరే దారి లేక. వాళ్ళు రెండు కిలోమీటర్లు నడుస్తున్నారు కాబట్టి నడిచేంత దూరం రెండు కిలోమీటర్లు అని రాసుకుంటే అది కొలత కాదు.

పారిస్ నుంచి వచ్చిన "పదిహేను నిమిషాల నగరం" మాట కూడా ఈ మధ్య వినిపిస్తోంది. కార్లోస్ మోరెనో 2016లో చెప్పాడు, 2020 మేయరు ఎన్నికలతో ప్రచారమైంది. అవసరమైనవన్నీ పావుగంట నడకలోనో సైకిల్ మీదో దొరకాలన్నది సారాంశం. గుంటూరు పట్నంబజారు దగ్గరో విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గరో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు.

వంతెన మెట్లు ఎక్కడ దిగాలి

మళ్ళీ పట్టాల దగ్గరికి వద్దాం. కరెంటు తీగలున్న రైలు మార్గం మీద వంతెన కట్టాలంటే సుమారు ఏడు మీటర్లు పైకి లేవాలి. వాహనాల కోసం 30 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు ఇస్తే ఒక్కోవైపు 210 మీటర్ల వాలు కావాలి. పట్టాల వెడల్పు 30 మీటర్లు అనుకుందాం.

పట్టాలను ఆనుకుని ఉన్న ఇంటావిడ ఎదురుగా అటువైపు వెళ్ళాలి. వాలు మొదలయ్యే చోటికి 210 మీటర్లు వెనక్కి నడవాలి. మళ్ళీ 210 ఎక్కాలి, 30 దాటాలి, 210 దిగాలి, 210 వెనక్కి రావాలి. 870 మీటర్లు, పదకొండు నిమిషాలు. అదే పట్టాల అంచునే రెండు వైపులా మెట్లు ఉంటే, మెట్టు 15 సెంటీమీటర్లు అనుకుంటే 47 మెట్లు ఎక్కి, 30 మీటర్లు నడిచి, 47 దిగాలి. రెండు నిమిషాలు. మోకాళ్ళు బాగుంటే. కింద నుంచి మనుషుల దారి తవ్వితే మనిషి ఎత్తుకు మూడున్నర మీటర్ల లోతు చాలు, 23 మెట్లు. దానికి మన వానాకాలం ఒప్పుకోవాలి. గుంటూరులో పట్టాల కింది నుంచి పోయే మూడు వంతెనల దగ్గర వాన నీళ్ళు నిలిచిన రోజు చూసినవాళ్ళకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. చక్రాల కుర్చీకి మెట్లు పైకైనా కిందికైనా ఒకటే, దానికి లిఫ్టో పొడవైన వాలో ఉండాలి.

వంతెనల అవసరాన్ని లెక్కగట్టేటప్పుడు వాహనాలను కార్ల లెక్కలోకి మారుస్తారు. బస్సును ఇన్ని కార్లుగా, ఆటోను ఇన్ని కార్లుగా గుణిస్తారు. ఆ పట్టికలో నడిచే మనిషికి వరస లేదు. వేరే కాగితం మీద ఎవరో కూర్చుని పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా లెక్కపెడితేనే ఆ మనిషి లెక్కలోకి వస్తుంది. మెట్లు పట్టాల అంచున దిగాలా, 210 మీటర్ల అవతల దిగాలా అన్నది ఆ కాగితాన్ని బట్టే తేలుతుంది.